తెల్లచీర మీద లాటిన్ చీటీ

ఆ రోజుల్లో మాకు తెలుపు ఒక్కటి కాదు, మూడు. మగ తెలుపు, ఆడ తెలుపు, రెండూ కాని తెలుపు. ఇది చదివి ముసలమ్మకు కళ్ళ జబ్బేమో అనుకోకండి. ఈ వయసులో కూడా సూదిలోకి దారం నేనే ఎక్కిస్తాను (మూడోసారికి ఎక్కుతుంది). సంగతేమిటంటే, లాటిన్ అనే భాషలో ‘తెల్లని’ అన్న మాట పక్కనున్న మాటను బట్టి వేషం మారుస్తుంది. మగ మాట పక్కన నిలబడితే ఆల్బుస్, ఆడ మాట పక్కన ఆల్బా, రెండూ కాని మాట పక్కన ఆల్బుమ్. నిజాం రాజ్యం ఆఖరి రోజుల్లో, మెదక్‌లో, పద్దెనిమిదేళ్ళ నాకు ఈ మూడు ముక్కలే ప్రాణం మీదికి వచ్చాయి. బయట రజాకార్లు, ఊళ్ళల్లో సంఘం దళాలు, లోపల ఆల్బుస్, ఆల్బా, ఆల్బుమ్. వీటిలో దేనికి ఎక్కువ భయపడ్డావని అడిగితే సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆల్బుమ్‌కే.

నాకు లాటిన్‌తో పనేమిటని మీరు అడగవచ్చు, మా నాయిన కూడా అదే అడిగాడు. నేను మిషన్ వాళ్ళ చిన్న మందులగదిలో కంపౌండర్ పని నేర్చుకుంటున్నాను. అప్పట్లో డాక్టర్లు మందుచీటీ లాటిన్‌లో రాసేవారు. సీసాల మీద పేర్లు లాటిన్. కడుపు కదలడానికి ఇచ్చే తెల్ల మిక్చరు ‘మిస్తురా ఆల్బా’. పుండు మీద రాసే తెల్ల లేపనం ‘ఉంగ్వెంతుమ్ ఆల్బుమ్’. తెల్ల పొడి ‘పుల్విస్ ఆల్బుస్’. ఇవి తెలియకుండా గరిట పట్టడానికి వీల్లేదు. ఇవన్నీ నేర్పే గురువు మా పెద్ద కంపౌండర్. ఆయనను ఊరంతా లాటిన్ తాత అనేది. నాకు చుట్టం కాదు, కానీ నన్ను ‘బిడ్డా’ అని తప్ప పిలిచింది లేదు. లాటిన్ తాతకు లాటిన్ ఎంత వచ్చో నాకు చాలా రోజులు తెలియలేదు. నలభై ఏళ్ళ కింద ఒక పాత డాక్టరు దొర రాసిచ్చిన చేతిరాత పుస్తకమొకటి ఆయన దగ్గర ఉండేది. దాన్ని బైబిల్ పక్కన పెట్టుకునేవాడు. అందులో సగం చెదలు తిన్నాయి. చెదలు కూడా పద్ధతిగా తిన్నాయి, ఏకవచనం వదిలిపెట్టి బహువచనం మొత్తం తిన్నాయి. కాబట్టి మా మెదక్ లాటిన్‌లో లోకంలో ఏ వస్తువైనా ఒక్కటే ఉండేది.

మొదటి రోజే నేను అడిగాను, తెలుపు అన్నాక తెలుపే కదా, ఇన్ని వేషాలెందుకని. తాత కళ్ళద్దాలు తుడుచుకుంటూ చెప్పాడు.

“విశేషణమంటె ఏందనుకున్నవ్ బిడ్డా? కొత్త కోడలు. ఏ ఇంట్ల అడుగువెడితె ఆ ఇంటి తీరుగ మెసలాలె. పక్కనున్న నామవాచకం అత్తగారు. అత్త ఎట్లుంటె కోడలు గట్ల.”

“మరి కోడలు మాటినకపోతె తాతా?”

“మందు మారుతది. మనిషి సస్తడు.”

ఇంత భయంకరమైన వ్యాకరణం నేను మళ్ళీ ఎక్కడా చదవలేదు. పైగా ఆ గదికొక చట్టం ఉండేది. చీటీ లేని సీసా పారబోయాలి, అందులో అమృతమున్నా సరే. చీటీ ఉన్నదాన్ని నమ్మాలి, కానీ మూడుసార్లు చదివి నమ్మాలి. అలమరలోంచి తీసేటప్పుడొకసారి, వంచేటప్పుడొకసారి, తిరిగి పెట్టేటప్పుడొకసారి, పైకి వినబడేలాగా. తాత ఇంట్లో ఉప్పు డబ్బా తీసినా మూడుసార్లు ‘ఉప్పు’ అంటాడని వాళ్ళింటావిడ మొత్తుకునేది.

ఆ చట్టంలోంచే తాత నాకు చదువు చెప్పే పద్ధతి కనిపెట్టాడు. కనబడిన ప్రతి తెల్లటి వస్తువుకూ నేను గుడ్డపీలిక మీద సిరాతో చీటీ రాసి కట్టాలి. అయితే మందుల పేర్లు తప్ప మామూలు వస్తువుల లాటిన్ పేర్లు తాతకు తెలియవు. అందుకని తెలుగు పేరు పెట్టి, దాని ఆడామగా మేమే తేల్చి, పక్కన తోక తగిలించేవాళ్ళం. పసిపిల్లల పాల కోసం పెంచే మేక ఆడది కాబట్టి ‘మేక ఆల్బా’. పోతు పిల్లి ‘పిల్లి ఆల్బుస్’. సున్నం గోడకు ప్రాణం లేదు కాబట్టి ‘గోడ ఆల్బుమ్’. పంచె మగవాళ్ళది, ఆల్బుస్. చీర ఆడవాళ్ళది, ఆల్బా. మందు కోసం వచ్చినవాళ్ళు ఇవన్నీ చూసి, దవాఖానావాళ్ళు దేనికో తాయెత్తులు కడుతున్నారనుకుని వాళ్ళ పిల్లలకు కూడా కట్టమన్నారు. మేక మాత్రం సాయంత్రానికే తన చీటీని నమిలి మింగింది. నేను లబోదిబోమంటే తాత నిదానంగా అన్నాడు, “పోనియ్ బిడ్డా. ఇగ అది లోపట గూడ ఆల్బానే.”

నవ్వులాట బాగానే ఉంది కానీ నా మెడ మీద కత్తి కూడా అలాగే ఉంది. మా నాయిన వడ్రంగి. మేం గుడి అనే మిషన్ చర్చికి బెంచీలు చేసిన చెయ్యి. మాట కూడా ఉలితో చెక్కినట్టే ఉండేది. ఆడపిల్ల కంపౌండరేమిటని చుట్టాలంతా నవ్వుతుంటే ఒక్కటే షరతు పెట్టాడు.

“ఒక్కసారె జూస్త. పరీక్షల పాసైతె కొలువు జెయ్యి, ఎవడేమన్న నేనున్న. ఫేలైతె శివ్వంపేట బోయి మీ మేనత్త బర్లు గాయాలె.”

మా మేనత్తకు పదకొండు బర్రెలు. వాటిలో ఒకటి, పేరు లచ్చి, నా ఏడో ఏట నన్ను కొమ్ముతో ఎత్తి పెంటకుప్పలో పడేసింది. ‘మా లచ్చి నిన్నింక మర్వలేదే’ అని మేనత్త వచ్చినప్పుడల్లా గర్వంగా చెప్పేది. అందుచేత రాత్రి పడుకునే ముందు నేను దేవుణ్ణి రెండే కోరేదాన్ని. ఒకటి ఆల్బుమ్ గుర్తుండాలి, రెండు లచ్చి చచ్చిపోవాలి.

కాలం మాత్రం నవ్వులాటగా లేదు. బస్సులు సరిగా నడిచేవి కావు. చీకటి పడితే తలుపులు వేసుకునేవాళ్ళం. గాయాలతో వచ్చినవాళ్ళను ఎవరు కొట్టారు, ఎక్కడ తగిలిందని అడగొద్దని మా డాక్టరమ్మ ఆజ్ఞ. ఆమె సీమ దొరసాని. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉండి, బైబిల్ చదివి తెలుగు నేర్చుకుంది కాబట్టి ఆమె మాట్లాడితే మోషే కొండ దిగి మాట్లాడినట్టుండేది. ఒకరోజు ఉదయం ఆకాశంలో విమానాల చప్పుడు వినబడింది. ఇండియా ఫౌజు బయలుదేరిందని, పోలీస్ యాక్షన్ మొదలైందని ఊరంతా గుప్పుమంది. నా పరీక్ష ఆ వారంలోనే ఉంది. నేను సంతోషంగా పరుగెత్తి, పరీక్ష వాయిదా పడుతుందా అమ్మా అని డాక్టరమ్మను అడిగాను.

“సైన్యములు వచ్చును, పోవును,” అంది ఆమె. “పరీక్ష తొమ్మిది గంటలకు జరుగును. తెల్లని చీర ధరించి రమ్ము.”

ఆ తెల్లని చీరే నా కథ. అవి బట్టలు రేషన్ మీద దొరికే కంట్రోలు రోజులు. పనిలో కట్టుకునే తెల్లచీర నాకు ఒక్కటే ఉండేది, అది లేకుండా పరీక్ష గదిలోకి రానివ్వరు. పరీక్షకు ముందురోజు దాన్ని ఉతికి, గంజి పెట్టి, వాన వెలిసిన కాస్త వేళ చూసి మందులగది వెనక దండెం మీద ఆరేశాను. ఆరేసినదాన్ని ఊరికే ఉండక, చదువు మీద ఎంత శ్రద్ధో చూడండని, కొంగుకు ఒక చీటీ కుట్టాను. ‘చీర ఆల్బా.’ ఆ చీర ఎవరిదో మాత్రం రాయలేదు. రాసి ఉంటే నేనిది రాసేదాన్ని కాదు.

ఆ సాయంత్రం ఫౌజు మెదక్ వైపు వస్తున్నదని కబురొచ్చింది. ప్రతి ఇంటి మీదా తెల్లగుడ్డ ఎగరాలి, లేకపోతే ఎదురు తిరిగినట్టు లెక్క అన్నారు. ఎవరన్నారో తెలియదు, అందరూ అన్నారు. ఇంటికి పోయి చూద్దును కదా, మా నాయిన ఒక్కగానొక్క పంచె కర్రకు ఎగురుతున్నది, నాయిన నల్ల గొంగడి చుట్టుకుని గడప లోపల కూర్చున్నాడు. బజారులోకి చూస్తే పంచెలు, దిండు గలీబులు, ఉయ్యాల గుడ్డలు, ఒక పెద్దమనిషి గోచీ కూడా. అన్నీ ఆల్బుస్‌లే. తెల్లగుడ్డ దొరకని ఒకాయన ఇంటి మీద పిండిజల్లెడ కట్టాడు. ఫౌజు ఏం చేస్తుందోనన్న భయం అందరికీ ఉంది, అయినా ఆ వీధి చూసి నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే మందులగదికి తిరిగి వచ్చి తలెత్తి చూశాను. వసారా స్తంభానికి కట్టిన పొడుగాటి వెదురు మీద నా చీర ఎగురుతున్నది. కొంగున చీటీ కూడా ఉంది.

“తాతా, గది నా చీర,” అన్నాను.

“నాకేమెరుక బిడ్డా? చీటీ జూసిన. చీర ఆల్బా అనున్నది. మూడుసార్లు సదివిన. తీసేటప్పుడు, కట్టేటప్పుడు, ఎగిరేసేటప్పుడు. ముమ్మాటికీ తెల్లగనే ఉన్నది.”

“రేపు నా పరీక్ష తాతా. దించుండ్రి.”

“తెల్లజెండ దించితె ఫౌజోళ్ళు ఏమనుకుంటరు? లడాయికి రమ్మన్నమనుకుంటరు. దవాఖానల మనుషులున్నరు. నేను దించ, నిన్ను దించనియ్య.”

తప్పని చెప్పడానికి లేదు. ఇంకో గుడ్డ కడదామంటే కట్టుగుడ్డ థాను డాక్టరమ్మ బీరువాలో తాళం వేసి ఉంది. గాయాలవాళ్ళకు తప్ప మూరెడు కూడా ఇవ్వదు. ఊళ్ళో తెల్లవన్నీ అప్పటికే కర్రలెక్కాయి. రాత్రంతా కళ్ళు మూస్తే లచ్చి కనబడింది. కొమ్ములకు నూనె రాసుకుని నాకోసం చూస్తున్నది.

తెల్లవారగానే నాయిన తనంతట తానే నిచ్చెన భుజాన వేసుకున్నాడు. “నడువ్,” అన్నాడు, అంతే. మందులగది దగ్గర తాత ఇంకా రాలేదు. నాయిన ఒక చేత్తో నిచ్చెన, ఒక చేత్తో గొంగడి పట్టుకుని నిలబడ్డాడు. నేను పైకెక్కి ముడి విప్పాను. సగం చీర చేతికొచ్చింది, సగం వెదురు కణుపుకు తగులుకుంది. సరిగ్గా అప్పుడే రోడ్డు మలుపు తిరిగి ఫౌజు లారీ ఒకటి వచ్చి మా ముందర ఆగింది. తుపాకులు పట్టుకుని జవాన్లు దూకారు. ముందు మీసాల సుబేదారు.

“ఏ లడ్‌కీ, ఝండా క్యోఁ ఉతార్ రహీ హో? హాథ్ ఊపర్.”

జెండా ఎందుకు దించుతున్నావు, చేతులెత్తండి అంటున్నాడు. నేను చెయ్యెత్తితే నిచ్చెన మీది నుంచి పడతాను. నాయిన ఒక చెయ్యి ఎత్తితే నిచ్చెన పోతుంది, రెండోది ఎత్తితే గొంగడి పోతుంది. గొంగడి కింద ఏమీ లేదని ఊరికంతటికీ తెలుసు, పంచె ఎక్కడుందో అందరూ చూశారు. పాపం మా నాయిన తల మాత్రం వీలైనంత పైకెత్తాడు. భయంలో నాకు అలవాటే పైకి వచ్చింది. చేతిలో ఉన్న చీటీ మూడుసార్లు గట్టిగా చదివాను. “చీర ఆల్బా. చీర ఆల్బా. చీర ఆల్బా.”

సుబేదారు వెనక్కి తిరిగి తనవాళ్ళను చూశాడు. ఇంతలో తాత పరుగెత్తుకొచ్చాడు. తాత నమ్మకమేమిటంటే లాటిన్ దొరల భాష, పెద్ద హోదా వాళ్ళకు ఎవరికైనా అర్థమవుతుంది. సుబేదారు ముందర నిటారుగా నిలబడి, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. ఆల్బుస్, ఆల్బా, ఆల్బుమ్. ఆల్బీ, ఆల్బే, ఆల్బీ. ఆల్బో, ఆల్బే, ఆల్బో. నలభై ఏళ్ళుగా గుడిలో కీర్తన పాడే రాగంలోనే వ్యాకరణం కూడా వల్లించేవాడు. సుబేదారు ముఖం మారింది. వెనకాల గుడి శిఖరం కనబడుతున్నది, ముందర తెల్లగడ్డం ముసలాయన ప్రార్థన చేస్తున్నాడు. సుబేదారు టోపీ తీశాడు. జవాన్లు కూడా తలలు వంచారు. ఏకవచనం అయిపోయింది. చెదలు మొదలైన చోట తాత ఠక్కున ఆగిపోయాడు.

“ఆమీన్,” అన్నాడు సుబేదారు.

నవ్వొకటి కడుపులోంచి తన్నుకొచ్చింది. ఆపుకోబోయి నిచ్చెన ఊగింది, చీర పర్రున చినిగింది. అప్పుడిక నవ్వు పోయి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మా మెదక్ ఉర్దూలో చెప్పాను. సాబ్, ఇది జెండా కాదు, నా చీర. తొమ్మిదింటికి ఇంతెహాన్ ఉంది. తప్పితే బర్రెలు కాయాలి. ఒక బర్రెకు నేనంటే పడదు. సుబేదారు మొదట మీసం దువ్వాడు, తరువాత నోరు మూసుకున్నాడు, తరువాత ఆపుకోలేక లారీ రేకు మీద చరుస్తూ నవ్వాడు. లోపల్నుంచి తన తెల్ల తువ్వాల తీసి పైకి విసిరాడు. “లో బేటీ, యే బాంధో.” నేను కట్టబోతుంటే కింది నుంచి తాత ఆగమన్నాడు. చీటీ లేనిది ఎగరడానికి వీల్లేదట. తువ్వాల ఆడదా మగదా అని క్షణం ఆలోచించి, “ఫౌజుది గాబట్టి ఆల్బుస్,” అని రాసిచ్చాడు.

చినిగిన చీరతో మా బజారులో బట్టలు కుట్టే ముస్లిం పెద్దాయన, దర్జీ చాచా ఇంటికి పరుగెత్తాను. ఆయన తలుపు బిగించి ఉంది. పైన ఆయన తెల్ల కుర్తా ఎగురుతున్నది. చాలాసేపు పిలిచాక, నా గొంతు గుర్తుపట్టి, అరచెయ్యంత తీశాడు. లోపల పిల్లలు చప్పుడు చెయ్యకుండా కూర్చున్నారు. అప్పటిదాకా నవ్వుతూ ఏడుస్తూ వచ్చిన నేను అక్కడ రెండూ మరిచాను. మెషీన్ చప్పుడు బయటికి వినబడకూడదని చేత్తోనే కుట్టాడు. పైసలు వద్దన్నాడు.

“బయట ఎట్లున్నది బిడ్డా?” అని మాత్రం అడిగాడు.

“మంచిగనే ఉన్నది చాచా. సుబేదారు నవ్విండు,” అన్నాను. నాకు తెలిసింది అంతే.

పరీక్ష గదిలో బల్ల మీద డాక్టరమ్మ సీసాలు పేర్చింది. మందులు కలిపాను, పొడులు కట్టాను, అన్నీ మూడుసార్లు చదివాను. ఇక గండం గడిచిందనుకుంటుండగా ఆమె తెల్ల మిక్చరు సీసా ఒకటి ముందుకు జరిపి ఇదేమి అంది. ‘మిస్తురా ఆల్బా’ అన్నాను. పక్కన ఇంకో తొమ్మిది పెట్టింది.

“ఇప్పుడు పది యున్నవి. ఏమందువు?”

నాకు బహువచనం ఉంటుందనే తెలుసు కానీ దాని ముఖం చూడలేదు. అది చెదల కడుపులో ఉంది. కొంచెం ఆలోచించి, వేలుతో ఒక్కొక్క సీసా చూపిస్తూ మొదలుపెట్టాను. మిస్తురా ఆల్బా, మిస్తురా ఆల్బా, మిస్తురా ఆల్బా. ఏడో సీసా దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ కళ్ళద్దాలు ముక్కు మీద వణుకుతున్నాయి. కోపమో నవ్వో తెలియలేదు. పదీ పూర్తి చేసే ఆగాను.

“బహువచనము నీకెవరును నేర్పలేదా?”

తలుపు దగ్గర తాత నిలబడి ఉన్నాడు. నేర్పలేదంటే ఆయన పరువు పోతుంది. “నేర్పిండ్రమ్మా, నేనే మర్శిన,” అన్నాను. లచ్చి నాకు చాలా దగ్గరగా వచ్చినట్టనిపించింది.

“అబద్ధమమ్మా,” అన్నాడు తాత. లోపలికి వచ్చి తన పుస్తకం బల్ల మీద పెట్టాడు. “పోరి మర్వలె. నాకే రాదు. నలభై ఏండ్ల సంది రాదు. చెదలు దిన్నయి. అడగనీకె సిగ్గయింది.”

డాక్టరమ్మ ఆ పుస్తకం మెల్లగా తిప్పింది. రాలుతున్న పొడిని చేత్తో ఒక పక్కకు చేర్చింది.

“నలువది సంవత్సరములలో ఎవనికైనను తప్పు మందు ఇచ్చితివా?”

“లేదమ్మా. మూడుసార్లు సదువుత.”

“అయితే ఏకవచనము చాలును,” అంది. నా కాగితం మీద సంతకం చేసి, చీర మీద ఆ కుట్టు ఎంత సన్నగా ఉన్నదో అని మెచ్చుకుంది. బయట గొంగడిలో నిలబడ్డ మా నాయినకు పాసయ్యానని చెబితే, ఆయన మొదటిసారి రెండు చేతులూ ఎత్తబోయి, సమయానికి ఆగాడు.

రజాకార్ల మీది కోపం ముస్లింలందరి మీదికీ మళ్ళింది. దర్జీ చాచా ఆ చలికాలం లోపలే పిల్లలను తీసుకుని ఊరు విడిచిపోయాడు. బయట మంచిగనే ఉన్నదని నేను చెప్పిన మాట నన్ను ఇప్పటికీ పొడుస్తుంది. మా నవ్వు ఆ రోజు అందరి నవ్వు కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. డాక్టరమ్మ తరువాత నాకు బహువచనం నేర్పింది. ఆల్బీ, ఆల్బే, ఆల్బా. నేను సంబరంగా పోయి తాతకు అప్పగిస్తే ఆయన ఓపికగా అంతా విన్నాడు.

“మంచిగున్నది బిడ్డా. గని ఒకటి కంటె ఎక్కువ తెల్లయి మనకాడ ఎన్నడున్నయ్?”

ముప్పై ఆరేళ్ళు కొలువు చేసి దిగాను. లాటిన్ నాకంటే ముందే దిగిపోయింది, ఇప్పుడు మందుచీటీలు ఏ భాషలో ఉంటాయో రాసినవాళ్ళకే తెలియాలి. మొన్న బీరువా సర్దుతూ తెల్లచీరలు లెక్కపెట్టాను, ఏడు ఉన్నాయి. చేత్తో ముట్టుకుంటూ పైలోకంలో ఉన్న తాతకు వినబడేటట్టు ‘ఆల్బే’ అన్నాను. అడుగున పాతది తగిలింది, చాచా కుట్టు అలాగే ఉంది, చీటీ మీద సిరా మాత్రం వెలిసింది. అక్కడికి వచ్చేసరికి నా ముసలి నోరు బహువచనం మరిచిపోయి, చీర ఆల్బా అని మూడుసార్లు చదివి, తిరిగి లోపల పెట్టింది.